బాయోళ్ళ ఇసుక

వేసవిలో మేం గోదావరికి విడిదికి పోయేవాళ్ళమని చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ళకు విడిది ఏమిటని వాళ్ళ అనుమానం. ఎండలు ముదరగానే కంపెనీ దొరలు పెట్టెలు సర్దుకుని కొండల మీది ఊళ్ళకు పోయేవాళ్ళు. మేమూ పెట్టె సర్దుకునేవాళ్ళం. మా పెట్టెలో జొన్నపిండి, బియ్యం, ఉల్లిగడ్డలు, కారం ఉండేవి, పైన చాపలు కట్టుకునేవాళ్ళం. బెల్లంపల్లిలో రైలెక్కి మంచిర్యాలలో దిగి, అక్కడి నుంచి లక్సెట్టిపేటకు బస్సు, బస్సు దిగాక ఎడ్లబండి. ఒడ్డు దిగిన బండి ఇసుకలో కూరుకుపోతే అందరం దిగి నెట్టేవాళ్ళం. బండి ఎక్కడ ఇక కదలనంటే అక్కడే మా విడిది.

మొదటిసారి పోయింది నిజాం పాలన పోయిన తర్వాతి వేసవిలో. లంగా జారకుండా కట్టుకోవడం నాకు అప్పుడే వచ్చింది. ఆ ముందటి ఏడంతా ఊళ్ళల్లో భయంభయంగా గడిచింది, పొద్దుగూకితే ఎవరూ బయటికి పోయేవాళ్ళు కాదు. అందుకేనేమో, ఆ ఇసుక మీద అడ్డూ ఆపూ లేకుండా పరుగెత్తడం నాకు ఒళ్ళంతా గుర్తుంది. వానాకాలంలో ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పారే గోదారి ఎండాకాలం వచ్చేసరికి సన్నటి పాయగా మారి, మిగిలిందంతా ఇసుకే అవుతుంది. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనడం మా దిక్కు అలవాటు. బాపు ఆ పాయ పక్కన పందిరి వేశాడు. గని లోపల పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టడం ఆయన పని. ఆయన వేసిన పందిరి గాలిదుమారాలకు ఏనాడూ పడలేదు. పక్కన ఎవరి పందిరి ఎగిరిపోయినా నేను బాపు దిక్కు చూసి నవ్వేదాన్ని, అంత పొగరు నాకు.

పాయకు అటు పక్క ఒడ్డు మీద ఒక ఊరు కనబడేది. అది మా అవ్వ పుట్టిన ఊరు. ఇటు మాది ఆదిలాబాద్ జిల్లా, అటు వాళ్ళది కరీంనగర్ జిల్లా, మధ్యన మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళు దాటితే అవ్వ తన అన్న ఇంటికి పోవచ్చు. కానీ అవ్వ పాయ దాకా నడిచేది, ఇటు అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకునేది, అంతే. నేను గంతులేస్తూ సగం దూరం పోతే వెనుక నుంచి అరిచేది.

"అటు ఒడ్డు మీద అడుగు పెడితే కాళ్ళు ఇరగ్గొడ్త, సూడు మరి!"

సంగతి ఏమిటంటే, అంతకుముందు సంవత్సరం మామ తన కొడుకు పుట్టువెంట్రుకలు తీయిస్తూ మమ్మల్ని పిలిచాడు. అమ్మమ్మ, తాత అప్పటికే లేరు కాబట్టి అవ్వకు పుట్టిల్లంటే ఆ అన్నే. పనిలోపనిగా అవ్వకు ఒడిబియ్యం పోయాలని కూడా అనుకున్నారు. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడి నిండా పోయడం మా దిక్కు ఎంత పెద్ద మర్యాదో మా దిక్కువాళ్ళకే తెలుసు. ఒడి నింపుకుని వచ్చిన ఆడమనిషి ఆ బియ్యం వండి వాడకట్టు అందరికీ పెడుతుంది. ఒడి నిండని ఆడమనిషికి వెనుక ఎవరూ లేరని లెక్క.

ఆ రోజు పీట వేశారు, బియ్యానికి పసుపు కలిపారు. ఇంతలో మగవాళ్ళు బంతిలో తినడానికి కూర్చున్నారు. బాపు గోళ్ళ సందుల్లో బొగ్గు ఎంత కడిగినా పోయేది కాదు. మామ అది చూసి నలుగురిలో నవ్వుతూ అన్నాడు.

"మా బావ భూమి మీద బతుకలేక భూమిల దూరిండు."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు, ఆయన అట్లాంటి మనిషి. అవ్వ నవ్వలేదు. పీట మీది నుంచి లేచింది.

"గట్ల దూరినాయన ఇంటికే నువ్వు వచ్చి నా ఒడి నింపు అన్నా. గప్పటిదాక నీ కడప తొక్క."

నన్ను చంకనేసుకుని, బాపు చేయి పట్టుకుని బంతిలోంచి లేపి, ఆ గడప దాటించి తీసుకొచ్చింది. మామ కూడా అదే రక్తం కదా. ఆడబిడ్డ పుట్టింటికి రావాలె గాని, నేను బాయి కాడికి పోయి ఒడి నింపుడేందని ఆయనా పట్టు పట్టాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చెరో ఒడ్డున ఉండిపోయారు.

బాపు మమ్మల్ని ప్రతి వేసవి ఎందుకు అక్కడికే తీసుకెళ్ళేవాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. గోదారి ఎంత పొడుగు! మంచిర్యాల దగ్గరే స్నానాలరేవు ఉంది. అయినా బస్సు ఎక్కించి అంత దూరం తీసుకెళ్ళి, అవ్వ పుట్టిన ఊరి పొయ్యిల పొగ కనబడే చోటే పందిరి వేసేవాడు. ఎందుకని అడిగితే ఇక్కడ చేపలు మంచిగ దొరుకుతయ్ అనేవాడు. ఆయనకు గాలం వేయడం కూడా రాదు.

ఏళ్ళు గడిచినకొద్దీ మా వెంట వచ్చేవాళ్ళు పెరిగారు. మొదట మా క్వార్టర్ల పక్క సందులో ఉండే ఖాలా వచ్చింది, పెద్దమ్మను ఉర్దూలో అట్లా పిలుస్తారు. ఖాలా భర్త బజార్లో గాజుల దుకాణం నడిపేవాడు. ఆమె అవ్వ కంటే కొంచెం పెద్దది, అవ్వ ఆమెను అక్కా అనేది. ఆమె తెలుగులో ఉర్దూ, ఉర్దూలో తెలుగు కలిపి మాట్లాడేది, రెండు భాషల్లోనూ గొంతు పెద్దదే. తర్వాత మా వరుసలో ఉన్న మిగతా క్వార్టర్లవాళ్ళు ఒక్కొక్కరే బయలుదేరారు. ఎక్కడెక్కడి నుంచో బాయి పనికి వచ్చినవాళ్ళం, ఒకరి వంట ఒకరికి కొత్త. ఆ ఇసుక మీద పొయ్యిలు పక్కపక్కన పెట్టుకుని ఒకరి కూర ఒకరం రుచి చూశాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సముద్రం దిక్కు నుంచి ఒక కుటుంబం మా వరుసలోకి వచ్చింది. ఆ ఇంటావిడ గోదారిని చూసి పెదవి విరిచి, మా ఊళ్ళో సముద్రం ఉందండీ, ఇదేం నీళ్ళు అంది.

అవ్వ తాపీగా అడిగింది. "సముద్రం నీళ్ళు తాగుతరా?"

"తాగరండీ, ఉప్పు కదా."

"మరి తాగరాని నీళ్ళు ఎన్ని ఉంటే ఏందమ్మా?"

అంటూనే ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్ళు ముంచి చెంబు ఆమె చేతికిచ్చింది. ఆమె తాగి, తీయగా ఉన్నాయండీ అని ఒప్పుకుంది. మరుసటి ఏడు మా అందరికంటే ముందు పెట్టె సర్దుకున్నది ఆవిడే.

మొదట్లో మమ్మల్ని చూసి పుట్టి నడిపేవాళ్ళు ఎవరో బికారులనుకున్నారు. కొన్నేళ్ళకు ఒడ్డు మీద ఒక ఛాయ్ హోటల్ వెలిసింది, సోడా బండి వచ్చింది. బండివాళ్ళు ఆ చోటును బాయోళ్ళ ఇసుక అనడం మొదలుపెట్టారు. లక్సెట్టిపేటలో బస్సు దిగి ఎక్కడికి అని చెప్పకముందే, బాయోళ్ళ ఇసుకకేనా అని అడిగేవాళ్ళు. కొండల మీద దొరల బంగళాలకు ఎవరెవరి పేర్లో ఉంటాయని వింటాం. గోదారిలో కొంత జాగాకు మా పేరు పడింది. కట్టినవాళ్ళు లేరు, రాసిచ్చినవాళ్ళు లేరు. మేం ఏటేటా పోవడం వల్లే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు తలచుకున్నా నాకు గర్వంగానే ఉంటుంది.

కానీ అవ్వ ఒడి మాత్రం నిండలేదు. వాడకట్టులో ఎవరు ఒడి నింపుకొచ్చి అన్నం పెట్టినా అవ్వ పోయేది, మంచిగ తినేది, మంచిగున్నదని చెప్పేది. నీ వంతు ఎప్పుడని ఎవరైనా అడిగితే, మా అన్న రానీ అనేది. గొంతులో ఏ తేడా ఉండేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తర్వాత నా పెళ్ళయింది. మామకు కబురు పోయింది, మామ రాలేదు. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో పనిచేసే ఆయనకు నన్నిచ్చారు. అప్పగింతల వేళ నా ఒడిలో బియ్యం పోయాల్సిన అవ్వ వెనక్కు జరిగి, బాపు చెల్లెలిని ముందుకు నెట్టింది. నాకు మండింది. ఆ తర్వాత పద్ధతి ప్రకారం పోయాల్సిన ఏడు వచ్చింది, పోయింది. మా అత్తగారు మంచిదే గానీ నోరు ఊరుకోదు, ఏమే, మీవాళ్ళకు బియ్యం దొరుకుతలేవా అని ఒకసారి అననే అంది. నేను బెల్లంపల్లి పోయి అవ్వను నిలదీశాను.

"నా ఒడి నిండకుండ నీ ఒడి ఎట్ల నింపుత బిడ్డా?" అంది అవ్వ. "ఉత్త చేతుల తోని పోస్తే అది ఉత్తదే అయితది. నాకు మనసొప్పది."

"అట్లయితే నువ్వే పో. మామ కడప తొక్కు. నీ మొండితనానికి నేనెందుకు మాట పడాలె?"

"పోత. నాకేం, నేను పోత. పోయినంక మీ బాపు భూమిల దూరిండన్న మాట నిజమే అని నేను ఒప్పుకున్నట్టయితది. పొమ్మంటవా?"

బాపు అప్పుడే బాయి నుంచి వచ్చి, వాకిట్లో కూర్చుని మెడ కడుక్కుంటున్నాడు. బొగ్గునీళ్ళు బండ మీది నుంచి కారుతున్నాయి. ఆయనకు మా మాటలు వినబడ్డాయో లేదో తెలియదు. నేను పొమ్మనలేకపోయాను. మా అత్తగారి మాట పడటమే మేలనిపించింది.

ఆ మాటల తర్వాత రెండో వేసవికి అనుకుంటా, నేను నా బిడ్డనెత్తుకుని అందరితో కలిసి ఇసుకకు పోయాను. ఆ ముందు వానాకాలం పెద్ద వరద వచ్చింది. వరద తీశాక చూస్తే గోదారి దారి మార్చింది. మా దిక్కున పారే పాయ కాస్తా జరిగి జరిగి అవతలి ఒడ్డుకు అంటుకుంది. ఇసుకంతా మా దిక్కే మిగిలింది. బాపు ఎప్పటిలాగే పాయ దగ్గరికని పెట్టెలు మోయించుకుని నడిచి నడిచి, ఒక కంప కంచె పక్కన పందిరి వేశాడు. కంచెలో పుచ్చతీగెలు, దోసతీగెలు ఉన్నాయి. ఒడ్డున ఎవరి పొలం ఉంటే, దానికి సూటిగా దిగిన ఇసుకలో ఎండాకాలం తోట వేసుకునే హక్కు వాళ్ళది. నీళ్ళు ఎటు జరిగినా ఆ హక్కు జరగదు. మరునాడు తెల్లారి ఆ తోట యజమాని ధోతి పైకి కట్టుకుని, తొడల లోతు నీళ్ళు దాటి, గంప నెత్తిన పెట్టుకుని ఇటు వచ్చాడు. ఆయన మా మామ.

ఆ తోట ఎవరిదో తెలియక పొరపాటైందని బాపు చనిపోయేదాకా అన్నాడు. నేను నమ్మలేదు.

అవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. మామ తోటలోకి పోకుండా కంచె బయటే నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఖాలా ఒక్కతే. మామ ఖాలాను చూస్తూ, అవ్వకు వినబడేట్టు అన్నాడు.

"ఎవలో బాయోళ్ళు నా తోట పక్కన దిగిండ్రు. దోసకాయలు జర పైలం సూసుకోవాలె."

"అక్కా, గాయనకు చెప్పు," అంది అవ్వ, పొయ్యిలోకి కట్టె తోస్తూ. "బాయోళ్ళకు కొనుక్కొని తినే తాకత్ ఉన్నది. ఎవ్వల తీగె ముట్టరని చెప్పు."

"మీరిద్దరు నన్ను టెలిఫోన్ చేసిండ్రు," అంది ఖాలా. "నాకేం ఫికర్ లేదు, చెప్పుండ్రి, చెప్పుండ్రి."

ఖాలా ఆ వేసవి తెగ సంబరపడింది. పొద్దున మామ వచ్చినప్పటి నుంచి ఎండెక్కేదాకా ఆమెకు ఇదే పని. ఇసుక కాలుతుందని మామ ఖాలాతో అంటే, కాలితే చెప్పులు వేసుకోమని అవ్వ ఖాలాతో అనేది. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మామను చూసేదాన్ని. తలపాగా కింద జుట్టంతా నెరిసింది. నా బిడ్డ దిక్కు ఆయన దొంగచూపులు చూసేవాడు. ఎత్తుకుంటావా మామా అని నోటిదాకా వచ్చేది, అవ్వ ముఖం చూసి ఊరుకునేదాన్ని.

పాయ దూరం జరిగింది కాబట్టి మామ తీగెలకు నీళ్ళు చాలడం లేదు. ఏటా మోకాలి లోతు తవ్వితే ఊరే చెలిమె ఆ ఏడు ఊరలేదు. ఆయన కంచె లోపల తవ్వడం మొదలుపెట్టాడు. మొదట నడుము దాకా దిగాడు. తర్వాత భుజాలు కూడా మునిగాయి. చివరికి కంచె ఇవతలి నుంచి చూస్తే తలపాగా ఒక్కటే కనబడింది, లోపలి నుంచి తట్టలో ఇసుక పైకి వచ్చి పడుతోంది. అవ్వ రొట్టె కొడుతూ ఆగింది. చేతులు దులుపుకుని నిలబడింది. మా వరుసవాళ్ళందరికీ వినబడేట్టు గొంతెత్తింది.

"అక్కా, జర గిటు సూడు! భూమి మీద బతికెటోడు భూమిల దూరిండేంది?"

తట్ట పైకి రావడం ఆగిపోయింది.  ఖాలా చేతిలో పని వదిలేసి గుంత దిక్కు చూసింది. ఇక ఆ మనిషి తోట వదిలేసి పోతాడు, మళ్ళీ ఈ జన్మలో రాడు అనుకున్నాను.  అప్పుడు ఆ గుంతలోంచి నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తర్వాత దగ్గు వచ్చేదాకా. తలపాగా ఊగిపోతోంది. ఆ నవ్వు వినగానే అవ్వ కూడా నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"గీ ఒక్క మాట కోసం గిన్నేండ్లు ఆగినవా చెల్లే?" అన్నాడు మామ లోపలి నుంచి.

"ఆగిన," అంది అవ్వ.

బాపు కంచె దాటి పోయి చేయి అందించాడు. మామ ఆ చేయి పట్టుకుని పైకి వచ్చాడు. ఒళ్ళంతా తడి ఇసుక. ఆ చేయి వదలకుండా అట్లాగే నిలబడి మామ అన్నాడు.

"బావా, ఆనాడు నేనన్న మాట తప్పు. మనసుల పెట్టుకోకు."

"ఏ మాట?" అన్నాడు బాపు.

"ఆయన మర్చిపోయిండు," అంది అవ్వ. "నేను మర్చిపోలే. రేపు ఒడిబియ్యం తీస్కొని రా."

మరునాడు మామ, ఆయన భార్య మా అత్త గంపతో నీళ్ళు దాటి వచ్చారు. వచ్చాక మళ్ళీ చిన్న పేచీ. ఇంటికి రా చెల్లే, పీట వేసి పెట్టిన అంటాడు మామ. నా ఇంట్లో పోస్తేనే కూసుంట అంటుంది అవ్వ. చివరికి మామ చేతులెత్తేశాడు.

"సరే తీయి. గీ ఇసుక నాది. నా జాగల నా చెల్లెకు పోస్తున్న."

"పొయ్యి నాది. పందిరి నా పెనిమిటి ఏసిండు. నా ఇంటికొచ్చి పోస్తున్నవ్."

ఇద్దరూ తామే గెలిచామని నమ్మారు, నాకు తెలిసి ఆఖరిదాకా అట్లాగే నమ్మారు. ఖాలా పెట్టె బోర్లించి పీట చేసింది. అవ్వ కొత్త చీర కట్టుకుని తూర్పు ముఖంగా కూర్చుంది. అత్త బొట్టు పెట్టింది. మామ దోసిళ్ళతో పసుపు బియ్యం పోస్తుంటే అవ్వ ఒడి బరువుకు కిందికి దిగింది. ఎవరి ముందూ తల వంచని మా అవ్వ తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. మా వరుస ఆడవాళ్ళందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. సముద్రం ఆవిడ అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

అందరం అయిపోయిందనుకున్నాం. అవ్వ ఒడి ముడి వేసుకుని లేచి, ముఖం తుడుచుకుంది.

"ఇగ నా బిడ్డను కూసోబెట్టుండ్రి."

అత్త గంపలో ఇంకా బియ్యం మిగిలి ఉన్నాయి. అవే పోయొచ్చు కదా అంది. అవ్వ వద్దంది. నా బిడ్డకు నా ఇంటి బియ్యమే అని మా డబ్బా తెరిచింది. అవి కంపెనీ దుకాణంలో బాపు జీతంతో తెచ్చిన బియ్యం, దొడ్డువి. అవ్వ వాటికి పసుపు కలిపి, తన చేతులతో నా ఒడిలో పోసింది. ఖాలా పోసింది. అత్త పోసింది. మామ కొంచెం దూరంగా నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు కూడ పొయ్యి," అంది అవ్వ. "గివి బాయిల సంపాదించిన బియ్యం."

మామ ముందుకొచ్చాడు. దోసిటి నిండా ఆ దొడ్డు బియ్యం తీసుకుని, కళ్ళకద్దుకుని, నెమ్మదిగా నా ఒడిలో పోశాడు. ఒక గింజ కూడా కింద పడనీయలేదు. బాపు పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోస్తున్నంతసేపూ అవ్వ నా దిక్కు చూడలేదు, వాళ్ళ అన్న దిక్కూ చూడలేదు. బాపు ముఖమే చూస్తూ ఉంది.